గాయము లేని మోటారు ప్రమాదమునకు పోలీసులు వత్తురా?

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తండ్రి నా గదికి వచ్చి, మడతపెట్టిన కాగితమొకటి నా ముందుంచి, "అయ్యవారూ, ఇందులో ఏమి వ్రాసియున్నదో కొంచెము చదివి చెప్పండి" అని యడిగెను. కాగితము తమిళములో నుండెను. క్రింద ఆయన తెలుగు సంతకమున్నది. సంతకము చేసిన వారము దినములకు దానిలో నేమున్నదో తెలిసికొన వచ్చినాడన్నమాట.

ఆయన బాడుగ కారు నడుపువాడు. ఒక సాయంకాలము ఎరుక్కంచేరి హైరోడ్డులో ముందున్న లారీ ఆగగా తానును ఆగెను. వెనుక వచ్చుచున్న కారు ఆగలేక ఈయన కారును గుద్దెను. బంపరు విరిగెను, వెనుక దీపము పగిలెను. ఎవరికిని గాయము తగులలేదు. ఈయన పోలీసులకు ఫోను చేసెను. కొంతసేపటికి కూడలిలో డ్యూటీ చేయుచున్న ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి, రెండు బండ్లను ప్రక్కకు తీయించి, దెబ్బలు తగులలేదు గనుక మీలో మీరు మాటలాడుకొనుడని చెప్పి తిరిగి కూడలికి పోయెను. అవతలి వ్యక్తి ఎనిమిది వేలు ఇచ్చెదనని యొప్పుకొని, వెయ్యి చేతిలో పెట్టి, ఒక కాగితము వ్రాసి సంతకము చేయించుకొనెను. అందులో నున్నదేమనగా, "నష్టమంతయు నాకు ముట్టినది, ఇక నాకు ఎట్టి ఫిర్యాదును లేదు" అని. మిగిలిన ఏడువేలు రాలేదు. ఫోను చేసిన ఎత్తువారు లేరు.

"కేసు వ్రాయుట పోలీసువారి పని గాదా? రక్తము కారితేనే వత్తురా?" అని ఆయన నన్నడిగెను. ఆనాడు నేను సరియైన జవాబు చెప్పలేకపోతిని. ఆ సిగ్గుతోనే చట్టమును తెప్పించుకొని చదివితిని. న్యాయవాదులైన మిత్రులను గూడ అడిగితిని. తెలిసిన సంగతులను మన పాఠశాల తల్లిదండ్రుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 134వ సెక్షను మనకు ముఖ్యమైనది. ప్రమాదమున మనిషికి గాయమైనను, ఇతరుల ఆస్తికి నష్టము కలిగినను ఆ సెక్షను వర్తించును. ఆస్తి అనగా ఎదుటివాని కారు కావచ్చును, దుకాణపు మెట్టు కావచ్చును, ప్రహరీగోడ కావచ్చును. అట్టి సందర్భమున పోలీసు అధికారి అడిగిన వివరములను డ్రైవరు చెప్పవలెను. అచ్చట పోలీసు అధికారి లేనిచో తానే సమీపమునందలి పోలీసు స్టేషనుకు పోయి, వీలైనంత త్వరగా, ఎట్లైనను ఇరువదినాలుగు గంటలలోపల, జరిగినది తెలియజేయవలెను. ఇన్సూరెన్సు కంపెనీకి గూడ వ్రాతమూలకముగా తెలుపవలెను. ఈ విధిని తప్పినవారికి 187వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2019లో చట్టమును సవరించుటకు ముందు ఆ జరిమానా 500 రూపాయలే.

ఇందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. ప్రతి చిన్న రాపిడికిని పోలీసులు పరుగెత్తి రావలెనని ఆ సెక్షనులో ఎచ్చటను లేదు. పోయి చెప్పవలసిన భారమును చట్టము డ్రైవరు మీదనే పెట్టినది. పోలీసులు వత్తురా అని మన మడుగుచున్నాము. నీవు పోయితివా అని చట్టము మన నడుగుచున్నది.

పోలీసువారి పక్షమున గూడ ఒక మాట చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. ప్రమాదముల సంఖ్యలో ఆ యేడు తమిళనాడే మొదటిది: 64,105. చెన్నైలో వీని దర్యాప్తునకు ట్రాఫిక్ ఇన్వెస్టిగేషన్ వింగ్ అను ప్రత్యేక విభాగమున్నది. మరణములు, గాయములు ఇంత పెద్ద సంఖ్యలో నున్నప్పుడు పగిలిన దీపమునకు వంతు కడపట వచ్చుట సహజము. అయినను గాయము లేకున్నను పోలీసులను పిలిచి తీరవలసిన సందర్భములు కొన్ని గలవు. గుద్దినవాడు పారిపోయినప్పుడు, త్రాగి యున్నాడని తోచినప్పుడు, బెదిరింపు గాని కొట్లాట గాని మొదలైనప్పుడు, దారి మూసికొని పోయినప్పుడు, దీపస్తంభము వంటి ప్రభుత్వపు ఆస్తి చెడినప్పుడు 112కు గాని 100కు గాని ఫోను చేయవలెను. వానకాలమున నీరు నిలుచు గణేశపురము సబ్‌వే వంటి చోట బండ్లు నిలిచిపోయిన వెనుకవచ్చువారికి అపాయము గదా.

ఇక కేసు సంగతి. నిర్లక్ష్యముచే ఎదుటివాని బండికి సొట్ట పడుట మాత్రమే నేరము కాదు. ఆస్తిని చెరచు నేరమునకు బుద్ధిపూర్వకత ఉండవలెను. కాని మనుష్యుల ప్రాణమునకు అపాయము కలుగునంతటి దుడుకుతనముతోనో నిర్లక్ష్యముతోనో నడపినచో, ఎవరికిని దెబ్బ తగులకున్నను, అది నేరమే. పూర్వము ఇండియన్ పీనల్ కోడులో 279వ సెక్షనుగా నుండినది, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను అయినది. ఆరు నెలల వరకు జైలు, లేక 1,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. ఇది పోలీసువారు తామే కేసు కట్టదగిన నేరము. అట్టి నేరము జరిగినట్లు ఫిర్యాదులో కనబడినచో ఎఫ్.ఐ.ఆర్. వ్రాసి తీరవలెనని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తీర్పు చెప్పినది.

అయితే కోపములో కేసు పెట్టించుటకు ముందు ఆలోచింపుడు. 281వ సెక్షను కేసు ఇరువురు రాజీపడినంత మాత్రమున స్టేషనులో రద్దగునది కాదు, కోర్టుకు పోవలసినదే. కూలికి కారు నడుపువానికి ఒక్క వాయిదాకు పోయిన ఒక దినము సంపాదన పోవును. దీపము ఖరీదుకంటె అది యెక్కువ కావచ్చును. కనుక చిన్న నష్టమునకు ఎఫ్.ఐ.ఆర్. కొరకు పట్టుబట్టుట నా యభిప్రాయములో వివేకము కాదు. కాని ఫిర్యాదును నమోదు చేయించి రసీదు పొందుట వేరు. మన రాష్ట్రమున పోలీసు స్టేషనులలో సి.ఎస్.ఆర్. అని యొక రిజిస్టరు కలదు. ఫిర్యాదును అందులో వ్రాసికొని రసీదు ఇత్తురు. ఆ చిన్న కాగితము మీరు స్టేషనుకు పోయి తెలిపితిరనుటకు సాక్ష్యము.

భాష రాదని భయపడనక్కర లేదు. నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి వ్రాసికొని, వ్రాసినదానిని చెప్పినవానికి చదివి వినిపింపవలెనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. ఎఫ్.ఐ.ఆర్. అయినచో దాని ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. మన తల్లిదండ్రులలో పలువురు తెలుగు మాధ్యమమున చదివినవారు. తమిళము చక్కగా మాటలాడుదురు గాని చదువలేరు. చదువలేనని చెప్పుట అవమానము కాదు. చదువక సంతకము చేయుటయే నష్టము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలు తరగతిలో తమిళము చదువుచునే యున్నారు. తండ్రి కాగితమును ఏడవ తరగతి పిల్లవాడు చదివి చెప్పగలడు.

ఇన్సూరెన్సు విషయమున పలువురు పొరబడుచున్నారు. థర్డ్ పార్టీ పాలసీ చట్టరీత్యా ప్రతి బండికి ఉండవలసినది. అది మనవలన ఇతరులకు కలిగిన నష్టమునకు మాత్రమే. మన బండి మరమ్మతునకు ఒక్క పైసా రాదు. మన బండికి గూడ రావలెనన్న ఓన్ డామేజి పాలసీ ఉండవలెను. ఆ పాలసీ ఉన్నవారికి చిన్న నష్టములలో సాధారణముగ ఎఫ్.ఐ.ఆర్. అక్కరలేదు; కంపెనీకి వెంటనే తెలిపి, వారు చూచువరకు మరమ్మతు చేయింపకున్న చాలును. అయితే క్లెయిము చేసినచో నో క్లెయిమ్ బోనస్ పోవును. క్లెయిము లేని మొదటి సంవత్సరమునకు 20 శాతముతో ఆరంభమై క్రమముగ 50 శాతము వరకు పెరుగు తగ్గింపు అది. రెండువేల రూపాయల గీతకై దానిని పోగొట్టుకొనుట లాభమా నష్టమా అని లెక్క వేసికొనవలెను.

పైన చెప్పిన తండ్రికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉండెను. గుద్దినవాని ఇన్సూరెన్సు కంపెనీ నుండి నష్టము కోరుటకు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు కలదు. ఆస్తి నష్టమును గూడ అది విచారించును. కాని స్టేషనులో ఎట్టి నమోదు లేదు, నష్టమంతయు ముట్టినదని తన సంతకమే యున్నది. ఏడువేల కొరకు ఏ న్యాయవాది ఆ కాగితమును మోయును?

ఇతర దేశములలో ఎట్లున్నదని కొందరికి తోచవచ్చును; మన వారి పిల్లలు అచ్చటచ్చట ఉద్యోగములు చేయుచున్నారు గదా. బ్రిటనులో ప్రమాదస్థలమున పేరు, చిరునామా ఇచ్చిపుచ్చుకొనవలెను. అది జరుగనిచో ఇరువదినాలుగు గంటలలోపల పోలీసులకు తెలుపవలెను. సింగపూరులో చిన్న ప్రమాదమైనను ఇన్సూరెన్సు కంపెనీకి ఇరువదినాలుగు గంటలలోనో మరునాటి పనిదినమునకో చెప్పవలెను. జపానులో మాత్రము ఎంత చిన్నదైనను పోలీసులకు తెలుపవలసినదే.

పెద్ద తరగతుల బాలుర తల్లిదండ్రులకు ఒక మాట. లైసెన్సు లేని పిల్లవాడు తండ్రి బండిని తీసికొనిపోయి ఎవరి కారునో గీసినచో, అది "చిన్న ప్రమాదము" కానేరదు. 2019 సవరణలో చేర్చిన 199ఏ సెక్షను ప్రకారము సంరక్షకునికో బండి యజమానికో మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా; బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు; ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు లేదు. మన పాఠశాల గేటు ముందు సాయంకాలము నిలిచియుండు కొన్ని బండ్లను చూచియే ఇది వ్రాయుచున్నాను.

రోడ్డు మీద చేయవలసినది ఎక్కువ లేదు. బండ్లను కదల్చక మునుపే, నంబరు ప్లేట్లు కనబడునట్లు, సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీయవలెను. తరువాత ప్రక్కకు తీయవలెను. ఎదుటివాని పేరు, ఫోను, లైసెన్సు, పాలసీ వివరములు వ్రాసికొనవలెను. మన పేరు, చిరునామా చెప్పి, నీవు అపాయకరముగ నడపితివని ఆరోపించి అడిగినచో, అతడు తన పేరు, చిరునామా చెప్పుట 132వ సెక్షను ప్రకారము విధి. అతని బండికి ఇన్సూరెన్సు గడువున్నదా లేదా అని ఎమ్‌పరివాహన్ యాప్‌లో చూడవచ్చును. రాజీ కాగితము వ్రాసినచో, ఎంత ముట్టినది, ఎంత మిగిలినది, ఏ తేదీకి ఇచ్చునది అని అంకెలలో ఉండవలెను. సొమ్మంతయు చేతికి వచ్చువరకు "ఫిర్యాదు లేదు" అను మాటకు సంతకము చేయరాదు.

ఆ తండ్రి మరల ఒకసారి వచ్చి, మిగిలిన సొమ్ము ఆశ వదలుకొంటినని చెప్పి, కొత్త దీపమునకైన రసీదును చూపెను. అది గూడ తమిళములోనే యుండెను. ఈసారి కుమార్తెచే చదివించుకొని తెచ్చినాడట. సంతకము చేయుటకు ముందు ఏ కాగితమైనను చదివించుకొనదలచినవారు బడి విడిచిన పిమ్మట మా తమిళోపాధ్యాయుని అడుగవచ్చును. ఆయన సంతోషముతో చదివి చెప్పుటకు ఒప్పుకొనియున్నారు.