కొండాపూర్ నెమలి – మన శాస్త్ర పాఠం

వన్యప్రాణులు అనగానే మనకు నల్లమల పులి జ్ఞాపకం వస్తుంది. కాని కొండాపూర్ అద్దాల మేడల నడుమ కూడా నెమలి కూస్తుంది. కొత్తగూడ రిజర్వు అడవిలోని 274 ఎకరాల కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ దానికి ఆశ్రయం. అనతిదూరంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని కంచ గచ్చిబౌలి ఉంది. అక్కడి 400 ఎకరాలలో 2025 మార్చి చివర చెట్లు కూల్చడం మొదలైతే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపివేయించింది. అప్పటికే సుమారు నూరెకరాల పచ్చదనం పోయింది.

సంరక్షణకు మొదటి సూత్రం ఆవాసం. ప్రాణిని కాపాడడమంటే దాని మేతను, నీటిని, దాగే పొదను కాపాడడమే. పొదలను పనికిరాని తుప్పలని కొట్టేసి పచ్చిక పరిస్తే తోట అందంగా ఉంటుంది గాని, నెమలి గుడ్లు పెట్టే చోటు పోతుంది.

రెండవది భరణ సామర్థ్యం. ఇది రైతుబిడ్డలకు కొత్త సంగతి కాదు. ఉన్న గడ్డిని బట్టే గదా పశువులను కట్టేస్తాం! చిరుత లేని చోట జింకలు మితిమీరి పెరిగితే మొలకలన్నీ మేసేస్తాయి, అడవి ముసలిదవుతుంది.

మూడవది దారి. గొర్రెలకాపరులు కొన్నేళ్లకొకసారి పొట్టేలును మారుస్తారు. ఒకే రక్తం కలిస్తే మంద బలహీనపడుతుందని వాళ్లకు ఎరుకే. నాలుగు దిక్కులా రోడ్లు మూసిన చిన్న అడవిలో జింకలకు ఆ మార్పు ఎక్కడిది? దారి తప్పి బయటికొస్తే మోటారు బండ్లు, వీధికుక్కలు కాచుకొని ఉంటాయి.

ఇక అసలు చిక్కు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. అయితే మా నాయిన అనేదొకటే: “జింక సూడ సక్కగుంటది బిడ్డా, చేన్ల పడ్డంక సూడు!” మక్క చేనుకు మంచె కట్టి రాత్రంతా అడవిపందులకు కావలి కాసిన మనిషి మాట అది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అదే చట్టం, నిలిచిన పంటకు ప్రమాదకరంగా మారిన కొన్ని జంతువుల విషయంలో అనుమతులిచ్చే అధికారాన్ని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి ఇచ్చింది. అంటే కాపాడడం ఒక్కటే కాదు, నిర్వహణ కూడా చట్టం మాటే. నష్టపరిహారం సకాలంలో అందకపోతే రైతు కరెంటు తీగెనే నమ్ముకుంటాడు. దానికి అడవిపందితోపాటు మనిషి కూడా బలి కావచ్చు.

నగరవాసికి నెమలి వేడుక, రైతుకు గింజల దొంగ. ఈ ఇద్దరి లెక్కా సరిచూడని సంరక్షణ కాగితం మీదే మిగులుతుంది. సోదర విద్యార్థులారా! జీవశాస్త్రం చదివే మనం ప్రయోగశాలకే పరిమితమై ఊరుకోక, మన పరిసరాల్లోని పక్షులను ఏటేటా లెక్కించి రాసి పెడదాం. ఏముందో తెలిస్తేనే గదా, పోయినప్పుడు అడగగలిగేది!