బాగున్నప్పుడే మార్చుకోండి

ఓడినవాడు పద్ధతి మార్చుకోవడంలో వింత లేదు. దారి మూసుకుపోయాక ఎవరైనా పక్కదారి వెతుకుతారు. గెలుస్తూ ఉండగానే తన పద్ధతిని తానే ప్రశ్నించుకోవాలంటే మాత్రం గుండెధైర్యం కావాలి. చైనా స్ప్రింటర్ సు బింగ్‌టియాన్ జీవితం ఆ ధైర్యానికి నిలువెత్తు ఉదాహరణ.

గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని జాంగ్‌షాన్‌లో 1989లో పుట్టాడు. ఎత్తు 172 సెంటీమీటర్లే. 2011లో వంద మీటర్లను 10.16 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు సాధించాడు. మరుసటి ఏడు లండన్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరాడు. దేశంలో పేరొచ్చింది. చాలామంది అక్కడే తృప్తిపడేవారు.

అలవాటును పరీక్షించండి

పది సెకన్ల గోడ మాత్రం కదల్లేదు. అప్పుడు సు తన పరుగు మొదలయ్యే చోటే చూపు నిలిపాడు. స్టార్టింగ్ బ్లాకులో ఏళ్ల తరబడి ముందుంచిన కాలిని వెనక్కి, వెనకున్న దాన్ని ముందుకు మార్చాడు. వినడానికి చిన్న మార్పే. కానీ ఒంటికి ఎక్కిన లయనంతా వదిలి, మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి. దిద్దుకున్నాడు. 2015 మే 30న అమెరికాలోని యూజీన్‌లో 9.99 సెకన్లు! ఆసియాలో పుట్టిన అథ్లెట్లలో పది సెకన్ల లోపు పరుగెత్తిన మొదటివాడయ్యాడు.

మిమ్మల్ని ఇంతదూరం తెచ్చిన అలవాటే ఇకముందుకు పోనివ్వకుండా ఆపుతుండవచ్చు. చదివే తీరు, మాట్లాడే తీరు, పని మొదలుపెట్టే తీరు... దేన్నీ పరీక్షకు అతీతంగా ఉంచకండి.

పేరొచ్చాకా శిష్యుడిగానే ఉండండి

28 ఏళ్లకు స్ప్రింటర్లు వెనకబడతారన్నది లోకం లెక్క. ఆ వయసులో సు అమెరికన్ కోచ్ ర్యాండీ హంటింగ్‌టన్ దగ్గర చేరాడు. లాంగ్‌జంప్‌లో 8.95 మీటర్ల ప్రపంచ రికార్డు వీరుడు మైక్ పావెల్‌ను తీర్చిదిద్దిన గురువాయన. ఫలితం 2018లోనే కనిపించింది. ప్రపంచ ఇండోర్ పోటీల్లో 60 మీటర్ల రజతం, మాడ్రిడ్‌లో 9.91, ఆ తర్వాత వారం తిరిగేసరికి పారిస్‌లో మళ్లీ 9.91.

2021 ఆగస్టు 1న, 32 ఏళ్లు నిండటానికి నాలుగు వారాల ముందు, టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో 9.83! కొత్త ఆసియా రికార్డు. ఆ సెమీస్‌లో అతని వెనక వచ్చిన ఇటలీ రన్నర్ మార్సెల్ జాకబ్స్ ఫైనల్లో స్వర్ణం గెలిచాడు. సు 9.98తో ఆరో స్థానంలో నిలిచాడు. పతకం రాకపోయినా ఒలింపిక్స్ వంద మీటర్ల ఫైనల్లో పరుగెత్తిన తొలి చైనీయుడు అతడే.

గీత దాటే గౌరవం పక్కవాడికివ్వండి

జట్టులో అందరికన్నా వేగం తనదే అయినా, 4×100 రిలేలో సు పరుగెత్తింది మూడో అంచెలో. అది మలుపు. ఇక్కడ బ్యాటన్ అందుకోవాలి, అందించాలి కూడా. విజయగీత దాటేది నాలుగోవాడు, కెమెరాలు చూసేదీ అతణ్నే. 2015 బీజింగ్ ప్రపంచ పోటీల్లో ఆ జట్టు రజతం గెలిచింది. టోక్యోలో 37.79 సెకన్లతో నాలుగో స్థానమే దక్కినా, రెండో స్థానంలో ఉన్న బ్రిటన్ జట్టుపై డోపింగ్ కారణంగా వేటు పడటంతో తర్వాత కాంస్యం చేతికొచ్చింది. నిజాయతీగా పరుగెత్తినవారి లెక్క ఆలస్యంగానైనా తేలింది.

ఈ వారమే మొదలుపెట్టండి

మీకు బాగా వచ్చిన పని ఒకటి ఎంచుకోండి. అందులో మీరు ఆలోచించకుండా చేసేసే మొదటి అడుగేమిటో కాగితం మీద రాయండి. మీకంటే తెలిసినవారికి చూపించి, తప్పు చెప్పమని అడగండి. చెప్పిన ఆ ఒక్కటే మార్చండి. మొదట్లో పని నెమ్మదిస్తుంది, చిరాకేస్తుంది. ఆ నాలుగు రోజులు తట్టుకోండి. పాత తీరు తేలికే కావచ్చు, కానీ అది మిమ్మల్ని పాత చోటికే చేరుస్తుంది.