మర పోయిన బోల్టు, చేయి తిరిగిన మెకానిక్

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తే రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్లలోని టూవీలర్ షెడ్లకూ చేతినిండా పని ఉంటుంది. పత్తి తీతలు, మిరప కోతలు సాగినన్నాళ్లూ చేనికీ ఇంటికీ తిరిగిన బండి, సరుకు అమ్ముడయ్యాకే షెడ్డు మొహం చూస్తుంది. అప్పటికి నల్లరేగడి బురద ఇంజిన్ అడుగున అట్ట కట్టి ఉంటుంది. దాన్ని గీకి, డ్రెయిన్ బోల్టుకు స్పానర్ పెట్టి తిప్పితే బోల్టు కదులుతుంది గానీ కిందికి దిగదు. ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. బలవంతంగా లాగితే, దాని గాళ్లలో సన్నటి వెండి తీగలాగా అల్యూమినియం చుట్టుకుని బయటికొస్తుంది.

‘మర పోయింది’ అంటారు షెడ్డులో.

టూవీలర్ మెకానిక్ కావాలనుకునే పిల్లలు ఈ వృత్తిని ఇక్కడి నుంచే చూడాలి. పాత ఆయిల్ దించి కొత్తది పోయడం వారం రోజుల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. దించేటప్పుడు ఏదైనా విరిగితే ఏం చేయాలో తెలిసినవాడికే షెడ్డులో విలువ.

మర ఎందుకు పోతుందో ముందు అర్థం కావాలి. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండిట్లో మెత్తనిదే ముందు అరుగుతుంది. చాలా 100 సీసీ, 125 సీసీ బళ్లలో ఈ బోల్టును సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగిస్తే చాలు. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. పదిహేను సెంటీమీటర్ల స్పానర్ చివర దాదాపు 17 కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. అదే స్పానర్‌కు పైపు తొడిగి రెండడుగులు చేస్తే, చేతి బలం పెరగకపోయినా బిగువు నాలుగింతలవుతుంది. ‘కారకుండా గట్టిగా బిగించు’ అన్న మాట విని పైపు వేసినవాడు ఆ రోజు బాగానే ఉంటాడు. తర్వాత విప్పినవాడి చేతిలో మర ఊడుతుంది. కారుడు ఆపాల్సింది బోల్టు కింద ఉండే మెత్తటి వాషర్. కొద్ది రూపాయల ఆ వాషర్‌ను మార్చకుండా, బలంతో పని కానిచ్చేయడం వల్లే ఎన్నో ఇంజిన్ కేసులు పాడవుతున్నాయి.

మర అడ్డం పడటం ఇంకో కారణం. బోల్టును తిరిగి ఎక్కించేటప్పుడు ముందుగా వెనక్కి తిప్పాలి. మర మొదలు దొరికినచోట ‘టిక్’మని చిన్న కుదుపు వేళ్లకు తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే సాఫీగా ఎక్కాలి. ఎక్కకపోతే స్పానర్ జోలికి పోకూడదు.

పోయిన మరను ఏం చేయాలి? కొందరు బోల్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి, పైన ఎం-సీల్ మెత్తి బండి పంపించేస్తారు. చేను నుంచి వస్తుండగా బోల్టు రాలిపోతే ఆయిలంతా రోడ్డుపాలై, నాలుగైదు కిలోమీటర్లలో ఇంజిన్ పట్టేస్తుంది. ఆయిల్ మార్పుతో పోయే పని ఇంజిన్ బోరు పనిదాకా వస్తుంది. సరైన దారులు రెండు. కొంచెం పెద్ద సైజు మర కొట్టి పెద్ద బోల్టు వేయడం ఒకటి. పాత రంధ్రాన్ని డ్రిల్లుతో పెంచి, ట్యాపుతో కొత్త మర కోసి, అందులో హెలికాయిల్ అనే ఉక్కు తీగచుట్టను దించి అసలు సైజు బోల్టునే బిగించడం రెండోది. ఉక్కు మీద ఉక్కు తిరుగుతుంది కాబట్టి ఈ మర పాత అల్యూమినియం మరకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ట్యాపు గాళ్లకు గ్రీజు పూసుకుంటే రజను దానికి అంటుకుని బయటికొస్తుంది. చివర్లో కాస్త కొత్త ఆయిల్ పోసి వదిలేస్తే మిగిలింది కడుక్కుపోతుంది. అల్యూమినియం రజను లోపలుంటే అది ఆయిల్ పంపు దాకా పోతుంది.

అయితే డ్రిల్లు పట్టుకునే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. స్పానర్ కింద పెట్టి బండిగలాయనకు చెప్పడం. “బాబాయ్, మర పోయింది. టేపు చుట్టి పంపను. లేత్ దగ్గర కొట్టించాలి, సాయంత్రం దాకా పడుతుంది, ఇంత అవుతుంది.” ఈ నాలుగు మాటలు అనడానికి చాలామంది కుర్రాళ్లు భయపడతారు. బోల్టు తమ చేతిలోనే పోయిందని తిడతారేమోనని దాస్తారు. నిజంగా తన తప్పే అయితే అదీ చెప్పాలి. పల్లెల్లో షెడ్డుకు బోర్డు కంటే నోటిమాటే పెద్ద ప్రచారం. చెప్పి చేసినవాడి దగ్గరికే మరుసటి ఏడు ఊరంతా వస్తుంది.

ఈ పని ఎక్కడ నేర్చుకోవాలి? షెడ్డులో శిష్యరికం పాత దారి, మంచి దారే. కానీ మర కోయడం, విరిగిన స్టడ్ తీయడం లాంటివి అక్కడ పద్ధతిగా నేర్పేవాళ్లు తక్కువ. అలాంటివి లేత్ షాపుకు పంపేస్తారు. ఐటీఐలో రెండేళ్ల ‘మెకానిక్ మోటార్ వెహికల్’ ట్రేడులో మొదట్లోనే ఆకురాయి పట్టడం, డ్రిల్లింగ్, ట్యాపింగ్ చేయిస్తారు. రంధ్రంలో ఇరుక్కున్న స్టడ్‌ను తీయడం కూడా సిలబస్‌లో ఉంది. ఫిట్టర్, టర్నర్ ట్రేడులు కూడా రెండేళ్లే, పదో తరగతి పాసైతే చాలు. టూవీలర్ షెడ్డు పెట్టాలనుకునే పిల్లవాడు ఫిట్టర్ చదివితే దారి తప్పినట్టు కాదు. బోల్టు విరిగిన రోజున అతను లేత్ షాపు తలుపు తట్టాల్సిన పనుండదు.

చదువు అయ్యాక అప్రెంటిస్‌షిప్ చేయడం మంచిది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండు ఇస్తారు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో 25 శాతాన్ని, నెలకు రూ.1,500 మించకుండా, కేంద్రమే భరిస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఏడాది ఉంటే టార్క్ రెంచ్ వాడకం చేతికి అలవాటవుతుంది. ఆ అలవాటు సొంత షెడ్డులోనూ పనికొస్తుంది.

బండి మారిపోతోందన్న బెంగ పిల్లల్లోనూ తల్లిదండ్రుల్లోనూ ఉంది. నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, స్కానర్ పెట్టి చూడందే లోపం తెలియని బళ్లు పెరిగాయి. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు ఇంజిన్ ఆయిలే లేదు. వైరింగ్, సెన్సర్లు, బ్యాటరీ నేర్చుకోక తప్పదు. కానీ ఎలక్ట్రిక్ బండిలోనూ అల్యూమినియం కేసులున్నాయి, వాటిలో ఉక్కు బోల్టులున్నాయి, మరలు అక్కడా పోతాయి. చేతి నేర్పు పాతబడదు. దానికి స్కానర్ చదవడం తోడవ్వాలి, అంతే.

సొంతంగా పెట్టుకోవాలంటే ముద్ర రుణాలున్నాయి. శిశు కింద రూ.50 వేల దాకా, కిశోర్ కింద రూ.5 లక్షల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. అప్పు తెచ్చిన డబ్బులో మొదట కొనాల్సింది మంచి టార్క్ రెంచ్, ట్యాపుల సెట్టు, హెలికాయిల్ కిట్. రంగుల బోర్డు తర్వాత చూసుకోవచ్చు.

పదో తరగతి ఫలితాలొచ్చాక ఐటీఐ ప్రవేశాల ప్రకటన వెలువడుతుంది. ఈలోగా ఆసక్తి ఉన్న పిల్లలు ఊళ్లో పనిమంతుడని పేరున్న మెకానిక్ దగ్గరికి వెళ్లి, రెండు రోజులు పక్కన కూర్చుని చూడాలి. అంతకంటే ముందు ఇంట్లో బండి డ్రెయిన్ బోల్టు చూపించి, దాని వాషర్ చివరిసారి ఎప్పుడు మార్చారో నాన్నను అడగాలి.