మరబోటు మ్రోత: బలము తగ్గకుండ అడచు విధము



మన నాగ్‌పాడా నుండి తూర్పుగా పోయి మజ్‌గావ్ దాటినచో భావూచా ధక్కా వచ్చును. అచ్చటి నుండి మోరాకును రేవస్‌కును పోవు లాంచీలను మీలో పెక్కురు చూచియే యుందురు. లాంచీ రేవు విడుచునపుడు యంత్రము వేగమందుకొనును. అంతట ప్రక్కనున్నవాని మాట యైనను వినబడదు. ఈ మ్రోత బలమునకు గుర్తనియు, మ్రోత నడచినచో బలము తగ్గుననియు ఒక నమ్మిక జనులలో నాటుకొని యున్నది. మోటారు సైకిలు సైలెన్సరు నూడదీసి రాత్రివేళ గల్లీలలో తిరుగు యువకులదియు ఈ నమ్మికయే. ఇది యెంతవరకు నిజమో విచారింతము.

మొదట మ్రోత యెట్లు పుట్టునో చూడుడు. డీజిలు యంత్రపు సిలిండరులో ఇంధనము మండి పిస్టనును త్రోసిన పిదప కూడ, మండిన వాయువునకు బయటి గాలి కంటె హెచ్చు ఒత్తిడి మిగిలియుండును. పొగ పోవు కవాటము తెరచుకొనగనే అది యొక్క పెట్టున గొట్టములోనికి దూకును. ఆ దూకుటయే చప్పుడు. నాలుగు ఘాతముల యంత్రములో ప్రతి సిలిండరును రెండు చుట్లకు ఒకసారి ఇట్లు వాయువును విడుచును. ఆరు సిలిండర్ల యంత్రము నిమిషమునకు 1800 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. అనగా సెకనుకు 30 చుట్లు, 90 చప్పుళ్లు. చెవి వీనిని విడదీయజాలక ఒకే రొదగా వినును. శాస్త్రభాషలో దాని పౌనఃపున్యము 90. దాని గుణిజములును తోడుగా నుండును.

ఇక బలము మాట. బయటికి పోవు వాయువునకు గొట్టమును, సైలెన్సరును కలిగించు అడ్డును ఎదురొత్తిడి అందము. పిస్టను ఆ ఒత్తిడికి ఎదురుగా వాయువును త్రోయవలసి వచ్చును. ఆ శ్రమ వ్యర్థము. పైగా మండిన వాయువు కొంత సిలిండరులోనే నిలిచి క్రొత్త గాలికి చోటీయదు. కాబట్టి బలమును హరించునది ఎదురొత్తిడియే గాని నిశ్శబ్దము కాదు. గొట్టములో రెండు ప్రయాణములు ఒక్కసారిగ జరుగుచుండును: వాయువు ప్రవాహముగను, చప్పుడు తరంగముగను పోవును. ప్రవాహమునకు దారి విడిచి తరంగమునకు మాత్రము అడ్డు పెట్టగలిగినచో మన పని నెరవేరినట్లే.

అసలు గొట్టమే లేకున్న బలము పెరుగునా? అదియు నిజము కాదు. తగిన పొడవు గల గొట్టములో ముందుకు దూకిన వాయువు తన వెనుక ఒత్తిడిని కొంత తగ్గించి, మిగిలిన వాయువును తానే లాగుకొనిపోవును. గొట్టము నూడదీసినవాడు ఆ లాభమును కూడ పోగొట్టుకొనును.

సైలెన్సరునకు నిశ్శబ్దకారి యని పేరు పెట్టవచ్చును గాని, మెకానిక్కు నడుగునపుడు సైలెన్సరు అనియే అనవలెను. తెలుగు పంతులనైన నాకును ఆ మాటయే నచ్చినది. యంత్రములకు ఇట్టి పరికరమును కల్పించి అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు 1897లో పేటెంటు పొందిరి. సన్నని రంధ్రములు గల గొట్టము చుట్టును గాజు ఉన్ని కూరుట ఒక పద్ధతి. అందు వాయువు తిన్నగ పోవును గనుక ఎదురొత్తిడి స్వల్పము. అయితే అది కీచు ధ్వనులను మ్రింగును గాని, 90 వంటి లోతైన రొదను మ్రింగజాలదు.

ఆ రొదకు వేరొక ఉపాయము కలదు. పొగగొట్టమునకు ప్రక్కగా, కొన మూసిన ఒక కొమ్మగొట్టమును అతుకుదురు. తరంగము అందులోనికి పోయి, కొనను తాకి మరలివచ్చును. కొమ్మ పొడవు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతైనచో, రాకపోకలలో సగము తరంగము గడచును. అప్పుడు శిఖరము ద్రోణితో కలిసి రెండును అణగును. లెక్క చేయుదము. 400 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల వాయువులో ధ్వనివేగము సెకనుకు సుమారు 520 మీటర్లు. దానిని 90చే భాగింపగా సుమారు 5.8 మీటర్లు, అందు నాలుగవ వంతు 1.45 మీటర్లు. ప్రవాహమునకు ఇందు అడ్డేమియు లేదు. అయితే ఈ కొమ్మ ముఖ్యముగా ఆ యొక్క వేగమునకే పనిచేయును. కావున లాంచీ ఎక్కువ సేపు ఏ వేగమున నడచునో దానికే కొలత తీయవలెను.

పడవకు మోటారు బండికి లేని భాగ్యమొకటి కలదు: చుట్టును నీరే. యంత్రమును చల్లార్చిన నీటిని పొగగొట్టములోనికి చిమ్మినచో వాయువు 400 నుండి సుమారు 60 డిగ్రీలకు దిగును. వేడి తగ్గినకొలది ఘనపరిమాణము తగ్గునని మీరు చదివినారు గదా! పరమ ఉష్ణోగ్రతలో అది 673 నుండి 333కు దిగుట. కావున వాయువు ఇంచుమించు సగమగును. అదే గొట్టములో సగము వాయువు పోవునపుడు అడ్డు తగ్గును, చప్పుడును తగ్గును. ఇచ్చట నిశ్శబ్దమును బలమును చేయి చేయి కలిపి నడచును. ఈ నీరు ఒక కుండవంటి పెట్టెలో చేరి, వాయువు త్రోపుడుతో బయటికి ఎగజిమ్మబడును. గోదావరిలో పాపికొండలకు పోవు లాంచీకి మంచినీరు. మన రేవులో ఉప్పునీరు. ఇనుప పెట్టె ఇచ్చట త్వరగా తుప్పు పట్టును గనుక రబ్బరుతోగాని ఫైబరు గాజుతోగాని చేసినది మేలు.

ఇందు జాగ్రత్త అవసరము. పెట్టె యంత్రపు పొగద్వారము కంటె తక్కువ ఎత్తున నుండవలెను; లేనిచో నీరు వెనుకకు మరలి సిలిండరులో చేరి యంత్రమునే చెరచును. యంత్రము అంటుకొనక మాటిమాటికి త్రిప్పవలసి వచ్చినపుడు, ఎగజిమ్ము బలము లేక నీరు పెట్టెలో నిండిపోవును. అప్పుడు నీటి కుళాయిని మూసియుంచవలెను.

పొగను నీటి అడుగున విడుచుట మరియొక ఉపాయము. నడచు పడవ ద్వారము వెనుక ఒత్తిడిని తగ్గించి వాయువును లాగును. నిలిచియున్నపుడు మాత్రము నీటి బరువు అడ్డగించును గనుక, నీటిమట్టమునకు పైన ఒక చిన్న రంధ్రము విడుతురు. ఏ పద్ధతియైనను అతుకులలో సందుండరాదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు, కార్బన్ మోనాక్సైడు, కలదు. మూసిన గదిలో అది ప్రాణము తీయును.

లాంచీలపై పనిచేయువారి యిండ్ల పెద్దలకు ఒక మాట. రోజునకు 8 గంటలు 85 డెసిబెళ్లకు మించిన ధ్వనిలో ఏండ్ల తరబడి యున్నచో వినికిడి క్షీణించును. 88 అయినచో 4 గంటలే హద్దని శాస్త్రజ్ఞుల సలహా. పోయిన వినికిడి మరల రాదు. చెవి మందగించిన సరంగునకు మంచులో ఎదురువచ్చు పడవ కూత వినబడదు. ఆ నష్టము అతనిదొక్కనిదే కాదు.

ఫలితమును పరీక్షించుట సులభము. మీ ప్రయోగశాలలోని యు ఆకారపు గాజుగొట్టములో నీరు పోసి, ఒక కొనను సన్నని రాగి గొట్టముతో పొగగొట్టమునకు కలిపినచో ఎదురొత్తిడి తెలియును. ఒక మీటరు నీటి భేదము సుమారు 9.8 కిలోపాస్కలులు. ఎంతవరకు సహింపవచ్చునో యంత్రము చేసినవారి పుస్తకములో నుండును. రెండవ పరీక్షకు గాజుగొట్టము కూడ అక్కరలేదు. సైలెన్సరు మార్చక పూర్వమును మార్చిన పిదపను, అదే బరువుతో, అదే పంకాతో, ఇంధనము పూర్తిగా విడిచి నిమిషమునకు ఎన్ని చుట్లో చూడుడు. చుట్లు తగ్గనిచో బలమును తగ్గలేదు. అప్పటికిని రొద వినబడుచున్నచో అది పొగగొట్టముది కాదు, యంత్రపు దేహముది. దానికి రబ్బరు దిమ్మలును, యంత్రమును కప్పు పెట్టెయు కావలెను.