కొఱ్ఱమీనును పెంచుట

గాజుతొట్టిలో చేపలను పెంచువారు తఱచుగా దూరదేశములనుండి వచ్చిన రంగుచేపలనే కొనుచుందురు. మన చెఱువులలో పుట్టి పెరుగు వేటచేపలను పెంచి గమనించువారు కొలదిమందియే. అట్టి చేపలలో మిక్కిలి చూడదగినది కొఱ్ఱమీను. 2016వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర మత్స్యముగా ప్రకటించినది. తల పాముతలను బోలియుండుటచే క్రొత్తవారు జంకుదురు.

దీనిని పెంచగోరువారు మొదట నెఱుగవలసినది దాని శ్వాసక్రమము. బొచ్చె, రాగండి మొదలగు చేపలు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించి బ్రతుకును. కొఱ్ఱమీనునకు మొప్పలు మాత్రమే చాలవు. దాని తలలో, మొప్పలకు పైభాగమున, గాలిని నిలుపుకొను గదులు కలవు. అది మాటిమాటికి పైకి వచ్చి నోటితో గాలిని గ్రహించి మరల అడుగునకు పోవును. పైకి రానీయక అడ్డినచో, నీటిలోనే పుట్టిన యీ చేప నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఈ సంగతి తెలియనివారు తొట్టిని అంచువఱకు నింపి, పైన అద్దపుబిళ్లను బిగించి, చేప చచ్చిన పిదప నీటిని నిందింతురు. నీటిపైన జానెడు ఖాళీ యుండవలెను. అట్లని మూత లేకుండ విడువరాదు. ఇది మిక్కిలి ఎత్తుగా దూకును. గాలి యాడునట్టి వలమూతపై బరువు పెట్టుట మేలు. వేసవిలో చెఱువు లెండినపుడు బురదలో దాగి బ్రతుకుటయు, తడినేలపై ప్రాకి వేఱొక మడుగును చేరుటయు నీ గాలి పీల్చు శక్తివలననే.

జానెడు పిల్లకు మూడడుగుల తొట్టి కొంతకాలము చాలును. కాని యిది రెండడుగులును అంతకు మించియు పెరుగగల చేప. కావున పెరటిలో కొలను లేనివారు దీనిని తేవలదని మా యభిప్రాయము. అడుగున సన్నని యిసుక, దాగుటకు పగిలిన కుండ, పైన కొంత అంతరతామర యున్న చాలును. కుళాయినీటిని ఒకదినము వెడల్పు పాత్రలో నుంచి, క్లోరిను పోయిన పిదప వాడవలెను.

దాని నోట పట్టు ప్రతి చేపయు దానికి ఆహారమే. తన జాతి పిల్లలనైనను, చిన్నవైనచో, మ్రింగును. తొట్టిలో నొంటరిగా నుంచుటయే నయము. కొందఱు వేడుక చూచుటకై బ్రతికియున్న చిన్నచేపలను వేయుదురు. ఇది మాకు సమ్మతము కాదు. వానితో రోగములును తొట్టిలోనికి వచ్చును. రొయ్యముక్కను సన్నని పుల్లకు గ్రుచ్చి నీటిలో మెల్లగా కదల్చినచో, నది చచ్చిన యాహారమును తినుట క్రమముగా నేర్చుకొనును. వానపాములును మంచివే. మిగిలిన ముక్కలను వెంటనే తీసివేయవలెను.

కొలనిలో నైనచో గట్టుచుట్టును వల కట్టవలెను. రాగండి పిల్లలను వదలిన కొలనిలో దీనిని వేయుట కోడిపిల్లల గంపలో పిల్లిని విడుచుటయే. వానకాలమున జంట కుదిరినచో కన్నులపండువగు దృశ్యము కానవచ్చును. ఆ రెండును నాచును తొలగించి చోటు చేసికొనును. పచ్చని గ్రుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పొదుగబడును. ఎఱ్ఱని పిల్లలు గుంపుగా తిరుగుచుండ, క్రిందనుండి తల్లిదండ్రులు కాపు కాయును. రాగండి లక్షలకొలది గ్రుడ్లు పెట్టి తిరిగి చూడదు. క్రూరమని పేరుపడిన యీ వేటచేపయే పిల్లలను విడువక కాచును. అప్పుడు నీటిలో చేయి పెట్టరాదు.

పెరిగిన చేపను చెఱువులోనో కాలువలోనో వదలుట దయ యని కొందఱు తలంతురు. తొట్టిలోని రోగము చెఱువునకు ప్రాకవచ్చును. బెస్తవారు వదలిన చేపపిల్లలు నష్టమగును. ఇట్టి పని పరదేశమున నెంత దూరము పోయినదో చూడుడు. కొఱ్ఱమీనునకు దాయాదియైన చైనాదేశపు జాతి యొకటి 2002వ సంవత్సరమున అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, క్రాఫ్టను పట్టణపు గుంటలో కనబడినది. తినుటకు కొన్న రెంటిని ఒకరు అందులో విడిచిరి. అధికారులు గుంటలో మందు పోయగా పిల్లలే వెయ్యికి మించి చచ్చినవి. ఆ యేడే ఆ దేశప్రభుత్వము ఆ కుటుంబపు చేపల దిగుమతిని నిషేధించెను. అయినను 2004లో పొటోమాకు నదిలో నా జాతి మరల కానవచ్చెను.

కావున తొట్టికి మించి పెరిగిన చేపను కొలనుగల స్నేహితున కిచ్చుట యుక్తము. అట్టివాడు దొరకనిచో, కొఱ్ఱమీను పులుసు రుచి యెఱిగిన యిండ్లలో నిది పెద్ద చిక్కు కాదు.