ఇసుక నేలలో వాక్కాయ

పిఠాపురం చుట్టుపక్కల నేల అంతా ఒక్క తీరు కాదు. ఏలేరు నీరు అందేచోట వరి పండుతుంది. ఉప్పాడ కొత్తపల్లి దాటి సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఇసుక వస్తుంది. అక్కడ కొబ్బరి, సరుగుడు, జీడిమామిడి తప్ప పెరట్లో ఇంకేం బతుకుతుందని అడిగేవారికి మా జవాబు వాక్కాయ.

ఇది మన దేశపు మొక్కే. కొన్నిచోట్ల కలివికాయ అంటారు. ముళ్ల పొద కాబట్టి మేకలు, పశువులు లోపలికి రావు, దడి కట్టే ఖర్చూ తగ్గుతుంది. మల్లెపువ్వుల్లాంటి తెల్లని పూలు పూసి, వానాకాలంలో కాయలు కాస్తుంది.

బాగా పండి నల్లబడిన కాయల్లోంచి గింజలు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తండి. దాచిపెడితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. మొలకలను ఏడాదిపాటు సంచుల్లో పెంచి, మరుసటి తొలకరికి నాటాలి. గొయ్యి రెండడుగుల లోతు తీయండి. ఇసుక నీటిని పట్టి ఉంచదు కనుక చివికిన గెత్తం రెండు గంపలు, దొరికితే చెరువు మట్టి ఒక గంప కలపండి. దడి కోసమైతే మూడు నాలుగడుగులకు ఒక మొక్క, కాయల కోసమైతే ఎనిమిదడుగులకు ఒకటి. మొదటి రెండు వేసవులు నీరు పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పితే చాలు. తర్వాత ఎండకు ఓర్చుకుంటుంది గాని, మొదట్లో నీరు నిలిస్తే ఓర్చుకోదు. గింజ మొక్క మూడో నాలుగో ఏట కాపుకు వస్తుంది.

కత్తిరించిన కొమ్మలను దారిలో పారేయకండి. ఈ మాట ముఖ్యంగా షుగరు ఉన్న ఇళ్లవారికి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ముల్లు దిగినా తెలియదు. పుండు పడి చీము పట్టాక చూసుకుంటారు. అప్పటికి ఒక్కోసారి వేలు తీసేయవలసి వస్తుంది. చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లవద్దు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. ముల్లు దిగితే సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి రండి. ధనుర్వాతం టీకా అవసరమో లేదో అక్కడ చెబుతారు.

ఇంకొక జాగ్రత్త పిల్లల గురించి. వాక్కాయ గన్నేరు కుటుంబానికి చెందిన మొక్క. రెండింటినీ తుంచితే పాలు కారతాయి. వాక్కాయ పండు తినవచ్చు. పచ్చగన్నేరు కాయ మాత్రం గుండెను దెబ్బతీసే విషం. పచ్చగన్నేరుకు ముళ్లుండవు, ఆకులు సన్నగా పొడవుగా ఉంటాయి, పూలు పసుపు గంటల్లా ఉంటాయి. వాక్కాయకు ముళ్లు, గుండ్రటి జంట ఆకులు. ఈ తేడా పిల్లలకు చెట్టు దగ్గరే చూపించండి. ఎవరైనా పచ్చగన్నేరు మింగితే చింతపండు నీళ్లు తాగించి వాంతి చేయిస్తూ కూర్చోకండి. మనిషి బాగానే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇక వంట సంగతి. కాయను చీల్చి గింజ తీసి, ఉప్పునీళ్లలో వేస్తే పాలు పోతాయి. పప్పు, పులిహోర, పచ్చడి, పచ్చిరొయ్యల్లో పులుపుకు వాడుకోవచ్చు. (కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు పాకంలో ఊరి రంగు పూసుకున్న వాక్కాయే!) తోటకూర పప్పులో వేస్తే ఆ పులుపు ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. అయితే వాక్కాయ తింటే రక్తం పట్టేస్తుందనుకుని గర్భిణులు ఇనుము మాత్రలు మానేయడం ప్రమాదం. మాత్రలు మాత్రలే. సి విటమిన్ కోసమే అయితే జామకాయ దీనికంటే ఎంతో మెరుగు. బీపీ ఉన్నవారు నిలవ పచ్చడికి బదులు పప్పులో వేసుకోండి, ఉప్పు తగ్గుతుంది.