దువ్వెన పట్టిన చేతికి తెలిసినవి

కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు ఇళ్లు ఒక్కొక్కటిగా నిండుతున్న రోజుల్లో ఇక్కడ సెలూన్ పెట్టాను. సంగారెడ్డి వైపు పల్లెలో మా నాన్న క్షౌరమూ చేసేవాడు, పసరు వైద్యమూ చేసేవాడు. మా నాయీబ్రాహ్మణ ఇళ్లలో చాలాచోట్ల కత్తి, కల్వం పక్కపక్కనే ఉండేవి. మొదట్లో నా కుర్చీలో బాలానగర్ ఫ్యాక్టరీ కార్మికులు, జేఎన్‌టీయూ విద్యార్థులు కూర్చునేవారు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మెల్లగా సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చారు. వాళ్లతోపాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది: "అంకుల్, జుట్టు రాలిపోతోంది, ఏం రాయమంటారు?" ఇప్పుడు కత్తెర మా అబ్బాయికి అప్పగించాను. ఆ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పే వయసు వచ్చింది. అడిగిన పిల్లలకూ, అడగడానికి మొహమాటపడిన పిల్లలకూ ఇది రాస్తున్నాను.

1. జుట్టు ఎప్పుడూ పాత కబురే చెబుతుంది.

ఇవాళ దిండు మీద కనిపించే వెంట్రుకలకు కారణం ఇవాళ జరిగింది కాకపోవచ్చు. తలమీద వెంట్రుకల్లో నూటికి 85 నుంచి 90 వరకు పెరిగే దశలో ఉంటాయి. మిగతావి విశ్రాంతి తీసుకుని, రెండు మూడు నెలలకు రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. టైఫాయిడో డెంగీయో వచ్చినా, కాన్పు అయినా, కడుపు మాడ్చుకుని బరువు తగ్గినా చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశకు వెళతాయి. రెండు మూడు నెలల తర్వాత గుప్పెడేసి ఊడతాయి. కరోనా తగ్గినవాళ్ల తలల్లో ఇది కళ్లారా చూశాను. ఆ సమయానికి జ్వరం సంగతి మరిచిపోయి షాంపూను, హాస్టల్ నీళ్లను తిడతారు. అందుకే నాయనా, జుట్టు రాలుతోందంటే ముందు మూడు నెలలు వెనక్కి వెళ్లి ఏం జరిగిందో గుర్తు చేసుకో. కారణం అదే అయితే ఆరు నెలల్లో చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. వెంట్రుక నెలకు పెరిగేదే ఒక సెంటీమీటరు. దాన్ని తొందరపెట్టే నూనె లేదు.

2. నూనె కాపాడుతుంది, మొలిపించదు.

మా నాన్న కాచే గుంటగలగర నూనె కోసం పక్క ఊళ్ల నుంచి వచ్చేవారు. పొలంగట్ల మీద, కాలవల పక్క తడిలో తెల్లని చిన్న పూలతో పెరిగే మొక్క అది. ఆకు నలిపితే పసరు పచ్చగా వచ్చి, కాసేపటికే వేళ్లు నల్లబడతాయి. నూనెకు నాలుగింతలు పసరు పోసి, ఆకు ముద్ద వేసి, సన్నని సెగ మీద కాచేవాడు. అడుగున మిగిలిన ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. దాన్ని నిప్పులో వేస్తే చిటపటమనకూడదు. చిటపటమంటే ఇంకా నీరుందని లెక్క, ఆ నూనె నిలవ ఉండదు. అంత శ్రద్ధతో కాచిన నూనె మీద నాకు గౌరవం తగ్గలేదు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో మాంసకృత్తులు పోకుండా కొంత అడ్డుకుంటుందని పరిశోధనలూ చెప్పాయి. కానీ నూనె చేసే మేలు ఉన్న వెంట్రుకకే. చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె పట్టించి ఉంచమని ఎందరికో చెప్పాను. చుండ్రుకు కారణమైన శిలీంధ్రం నూనె మీదే బతుకుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చుండ్రు ఉంటే ముందు దాన్ని తగ్గించుకోండి. ఆ తర్వాత స్నానానికి గంట ముందు కొద్దిగా నూనె రాస్తే చాలు.

3. రెండు పాత వైద్యాలూ తలకంటే ముందు మనిషిని చూశాయి.

ఎర్రగడ్డ ఆయుర్వేద కళాశాలలో చదువు చెప్పే ఒక పెద్దాయన నా దగ్గరికి క్షవరానికి వచ్చేవారు. చైనా వైద్యం గురించి మొదట నాకు చెప్పింది ఆయనే. జుట్టు రక్తం మిగులు అని చైనా వైద్యులు అంటారు. మూత్రపిండాల సత్తువ జుట్టు మెరుపులో కనిపిస్తుందని వాళ్ల నమ్మకం. మన ఆయుర్వేదం ఎముక ధాతువుకూ జుట్టుకూ ముడిపెట్టింది, పిత్తం పెరిగితే జుట్టు రాలుతుందని, నెరుస్తుందని చెప్పింది. ఇవి పాతకాలపు భాషలో చెప్పిన మాటలు, నేటి శరీరశాస్త్రంతో అక్షరాలా సరిపోవు. అయినా రెండూ తల వదిలేసి తిండి, నిద్ర, మలబద్ధకం, మనసు గురించే ముందు అడుగుతాయి. నన్ను కదిలించిన సంగతి మరొకటి ఉంది. మన గుంటగలగరనే చైనావాళ్లు కూడా వాడతారు. మరో చెట్టు పండ్లతో కలిపి "అర్ ఝీ వాన్" అనే గోళీలు చేస్తారు. హిమాలయాలకు అటూ ఇటూ ఉన్న వైద్యులు ఒకే కలుపుమొక్క దగ్గర ఆగారు. దాన్ని నేటి పద్ధతిలో మనుషుల మీద పెద్ద ఎత్తున పరీక్షించాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

4. వేరు నుంచి వచ్చినంత మాత్రాన మందు సాధువు కాదు.

ఆఫీసు పని మీద షాంఘై వెళ్లివచ్చిన ఒక కుర్రాడు నల్లని మాత్రల సీసా తెచ్చి చూపించాడు. "హె షో వూ" అనే తీగ దుంపతో చేసినవి అవి. తెల్లజుట్టు నల్లబడుతుందని చైనాలో దానికి వందల ఏళ్ల పేరుంది. దుంపను నల్ల సోయా గింజల రసంలో ఉడికించి వాడతారు. అయితే దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు చైనాలోనే కాక మిగతా దేశాల్లోనూ నమోదయ్యాయి. 2006లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది కూడా. ఉడికించినంత మాత్రాన భయం పూర్తిగా పోదు. చైనాలో వైద్యుడు నాడి చూసి, మోతాదు కట్టి ఇచ్చే దాన్ని ఫోనులో ఆర్డరిచ్చి తెప్పించుకుని మింగడం వైద్యం అనిపించుకోదు. ఇక్కడి సరుకుకూ అదే జాగ్రత్త చెబుతాను. "నల్ల గోరింట" పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిని నల్లబరిచేది పారాఫినైలిన్ డైఅమైన్ అనే రసాయనం. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. రంగు వేసుకోవాలంటే చెవి వెనక ఒక చుక్క రాసి రెండు రోజులు ఆగండి. దురద, వాపు వస్తే ఆ డబ్బా పారేయండి.

5. నీళ్లను తిట్టే ముందు వాటి తత్వం తెలుసుకో.

మా కాలనీల్లో మంజీర నీళ్లు ఒక పూట, బోరు నీళ్లు ఒక పూట, ఎండాకాలం ట్యాంకరు. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, గత్యంతరం లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. లోతు బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెట్టులా మారి వెంట్రుకకు అంటుకుంటుంది. జుట్టు గరుకెక్కి, దువ్వితే మధ్యలో తెగుతుంది. తెగడం వేరు, కుదురు నుంచి ఊడడం వేరు. రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొసన తెల్లని చిన్న బుడిపె ఉంటే కుదురు నుంచి వచ్చింది, లేకపోతే తెగింది. బట్టతలకు బోరు నీళ్లు కారణం కావు. కుంకుడు రసం సబ్బులాగా తెట్టు కట్టదు కాబట్టి చవుడు నీళ్లకూ పనికొస్తుంది. గింజ తీసి, కాయలు రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి వడకట్టుకోవాలి. కళ్లలో పడనీయకండి. చివరి చెంబు మాత్రం మంచినీళ్లతో పోసుకోండి.

6. కంచంలో లేనిది తలమీదికి రాదు.

హాస్టల్ పిల్లల పళ్లెం నాకు తెలుసు. పొద్దున్న టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం ఫుడ్‌కోర్టులో ఫ్రైడ్‌రైస్, రాత్రి మిగిలిన పప్పుచారు. వెంట్రుక దాదాపు మొత్తం కెరటిన్ అనే మాంసకృత్తే. శరీరానికి కొరత పడితే గుండెకూ మెదడుకూ ముందు పెట్టి, జుట్టుకు ఆపేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అమ్మా, జుట్టు పలచబడుతోందని నూనెలు మార్చే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకో. చైనావాళ్లు జుట్టుకు నల్ల నువ్వులు, అక్రోట్లు తినమంటారు. మన ఇళ్లలో నువ్వులుండలు, మునగాకు పప్పు, గోంగూర, గుడ్డు, శనగలు ఉన్నాయి. రైతుబజారులో దొరకనిది ఏదీ ఇందులో లేదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగా ఒంటపట్టదు.

7. రాత్రిని అమ్ముకున్నవాడు దాని ఖరీదు ఎక్కడో కడతాడు.

అమెరికా వేళలకు పనిచేసే పిల్లలు తెల్లారి క్యాబు దిగి, ఎర్రని కళ్లతో మా షాపు తలుపు తీసేసరికి వచ్చేవారు. తల మర్దన చేస్తుంటే కుర్చీలోనే నిద్రపోయేవారు. రాత్రి 11 నుంచి 3 దాకా పిత్తాశయం, కాలేయం తమ పని చేసుకునే వేళ అని, ఆ సమయంలో పడుకుంటేనే రక్తం కాలేయానికి చేరి శుభ్రపడుతుందని చైనా వైద్యుల లెక్క. గడియారం అంత కచ్చితంగా నడుస్తుందో లేదో గాని, రాత్రి నిద్ర లేకపోతే ఒంటి హార్మోన్లు గాడి తప్పుతాయన్నది నిజం. తీవ్రమైన ఒత్తిడి జుట్టు రాలడాన్ని పెంచుతుందన్నదీ నిజం. షిఫ్టు మార్చుకోలేనివాళ్లు కనీసం రోజూ ఒకే వేళకు, చీకటి గదిలో, ఫోను పక్క గదిలో పెట్టి పడుకోండి. డబ్బు పంపాల్సిన ఇళ్లు మీ వెనక ఉన్నాయని నాకు తెలుసు. అందుకే ఉద్యోగం మానేయమనను, నిద్రను మాత్రం బేరం పెట్టొద్దంటాను.

8. రోజూ చేసే చిన్న మోటుపని పెద్ద నష్టం చేస్తుంది.

తడి జుట్టు సాగి తెగుతుంది, కాబట్టి తలస్నానం చేసిన వెంటనే దువ్వకండి. టవలుతో రుద్దకుండా పాత నూలుబట్టతో అద్దండి. వెడల్పు పళ్ల చెక్కదువ్వెనతో ముందు కొసల చిక్కు తీసి, తర్వాత పైనుంచి దువ్వండి. పొద్దున్నే చెక్కతోనో కొమ్ముతోనో చేసిన దువ్వెనతో మెల్లగా తల దువ్వుకోవడం చైనావాళ్ల ఆరోగ్య నియమాల్లో ఒకటి, అందులో నష్టమేమీ లేదు. నుదుటి పైన లాగి గట్టిగా పోనీ కట్టే ఆడపిల్లలకు కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ మళ్లీ రాదు. హెల్మెట్ వల్ల బట్టతల రాదు. హైటెక్ సిటీ దారిలో దాన్ని తీసి బండి నడపొద్దు. తల ఆరాక పెట్టుకోండి, లోపలి బట్ట ఉతకండి. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ భ్రమే. కుదుళ్లు చర్మం లోపల ఉంటాయి, కత్తి అక్కడికి పోదు. తిరుమల కల్యాణకట్టలో ఇచ్చే తలనీలాలు మొక్కు కోసం, భక్తి కోసం.

9. ఆగాల్సిన జబ్బు వేరు, పరుగెత్తాల్సిన జబ్బు వేరు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఈ పాఠమే. నడినెత్తి పలచబడుతున్న ఒక కుర్రాణ్ణి నూనె మీద నమ్మకంతో నెలల తరబడి నా దగ్గరే ఉంచుకున్నాను. అది వంశపారంపర్యంగా, హార్మోన్ల వల్ల వచ్చే పలచబాటు. కుదుళ్లు సన్నబడి పూర్తిగా ముడుచుకుపోకముందే వైద్యం మొదలుపెట్టాలి. రక్తపోటు మందుగా పుట్టిన మినాక్సిడిల్‌ను అమెరికా 1988లోనే తలకు రాసే మందుగా ఆమోదించింది. అలాంటి మందులు డాక్టరు చూసి ఇస్తే చాలామందికి ఉన్న జుట్టు నిలుస్తుంది. అతను చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లేసరికి నిలబెట్టుకోవలసినదాంట్లో చాలావరకు పోయింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బరువు. రూపాయి బిళ్లంత నున్నగా ఊడే పేనుకొరుకుడుకు పేను కారణం కాదు, శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద తిరగబడుతుంది. దానికి వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకున్నవాళ్లను చూశాను. తలమీద మంట, చీము, మచ్చ కట్టినట్టు నిగనిగ కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగొద్దు. సంప్రదాయ వైద్యమే కావాలనుకుంటే అదీ చదువుకున్నవాళ్ల దగ్గరే తీసుకోండి. కూకట్‌పల్లి నుంచి మెట్రోలో నాలుగో స్టేషను ఎర్రగడ్డ. అక్కడ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, చర్మవ్యాధుల మీద పనిచేసే జాతీయ యునానీ పరిశోధన సంస్థా ఉంది.

ఇన్ని చెప్పినా తేల్చేది ఒకటే. ఆకు, నూనె, దువ్వెన జుట్టును చూసుకుంటాయి. తిండి, నిద్ర, వేళకు దొరికిన వైద్యం దాన్ని పెంచుతాయి. మొదటివి రెండోవాటి పని చేస్తాయని నమ్మి నేను కొందరి కాలం వృథా చేశాను. మీరు ఈ ఆదివారం తలంటుకోండి, సోమవారం పరగడుపున రక్తపరీక్షకు వెళ్లండి.